హంపీకి ఒకటిన్నర రోజే ఉంటే: ఏడుసార్లు తిరిగొచ్చాక

పదకొండేళ్లలో హంపీకి ఏడుసార్లు వెళ్లాను. మాది అనంతపురం. ఇంటికి ఏ చుట్టం దిగినా రెండో మాట హంపీయే, ఉండేది మాత్రం శనివారం, ఆదివారం మధ్యాహ్నం దాకా.

మొదటిసారి దెబ్బతిన్నాం. హోసపేటలో మాట్లాడుకున్న ఆటో ఆయన "ఒక్కరోజులో ఇరవై పాయింట్లు సార్" అన్నాడు. అన్నట్టే ఇరవయ్యీ చూపించాడు. మే నెల ఎండ, ఒక్కోచోట పది నిమిషాలు. సాయంత్రం మా అత్తయ్య చెప్పులు విడిచి కూలబడి, "అన్నీ ఒకే గుడిలా ఉన్నాయి అల్లుడూ" అంది.

ఇప్పుడు శనివారం పొద్దున్నే, ముందు విఠలాలయం. పార్కింగ్ నుంచి గుడి దాకా బ్యాటరీ బండ్లుంటాయి, ఆలస్యమైతే వాటికి పెద్ద క్యూ. యాభై రూపాయల నోటు మీదున్న రాతి రథం ఇక్కడిదే. నిజానికి అది గరుత్మంతుడి గుడి. నోటు పట్టుకుని ఫొటో దిగడం అయ్యాక, ముందున్న ఏనుగుల వెనక వంగి చూడండి, గుర్రాల కాళ్ల ఆనవాళ్లు కనిపిస్తాయి. మొదట అక్కడ గుర్రాలే ఉండేవి, ఏనుగుల్ని తర్వాత తెచ్చి పెట్టారు. సంగీత స్తంభాలను మాత్రం తట్టనివ్వరు, ఆ ఆశతో వెళ్లొద్దు. టికెట్ పారేయకండి, అదే రోజు లోటస్ మహల్ ఆవరణకీ కమలాపురం మ్యూజియానికీ పనికొస్తుంది.

ఎండ ముదిరేలోపు హజార రామాలయం చేరాలి. నన్నడిగితే హంపీ మొత్తంలో ఒక్కటే చూడగలిగితే ఇదే. చిన్న గుడి, అలవకుండా చూడొచ్చు. హజారమంటే వెయ్యి అని గైడ్లు చెబుతారు గానీ, పాత తెలుగులో హజారమంటే నగరి ముందరి కొలువుచావడి. రాజుల నివాసాల నడుమ ఉన్న గుడికి ఈ అర్థమే నాకు నచ్చింది. బయటి ప్రహరీ మీద ఏనుగులు, గుర్రాలు, సైనికులు, నాట్యగత్తెలు వరుసలు కట్టి నడుస్తుంటారు. లోపల గుడి గోడల మీద మూడు వరుసల్లో రామాయణం. ప్రదక్షిణగా తిరుగుతూ చదువుకోవాలి. ఏడు చెట్ల వైపు రాముడు విల్లెక్కుపెట్టిన బొమ్మ దగ్గర పిల్లల్ని ఆపి, కథేంటో వాళ్లనే చెప్పమనండి. గైడ్ అక్కర్లేదు.

అక్కణ్నుంచి మహానవమి దిబ్బ అనే ఎత్తైన రాతి వేదిక, దాని పక్కన మెట్ల పుష్కరిణి. 1980లలో తవ్వకాల్లో బయటపడింది. నల్లరాళ్ల మీద చెక్కిన గుర్తులు వెతకండి, ఏ రాయి ఏ వైపు, ఏ వరుసలో పేర్చాలో పనివాళ్లు రాసుకున్నవి. సాయంత్రం హేమకూటం గుట్ట బండల మీద కూర్చుంటే చాలు.

ఆదివారం విరూపాక్షుడి దర్శనం, లోపల గోడ మీద తలకిందులుగా పడే గోపురం నీడ, తర్వాత 1528 నాటి ఉగ్ర నరసింహుడు. కృష్ణాలయం ముందు తెలుగువాళ్లు కాసేపు ఆగాలి. రాయలు మన నెల్లూరు వైపు ఉదయగిరి గెలిచి తెచ్చిన బాలకృష్ణుడి కోసం కట్టించింది అది. విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది.

రాణుల స్నానశాల వదిలేయొచ్చు. పిల్లలుంటే ఏనుగుల శాల ఉంచుకోండి. పుట్టిలో తుంగభద్ర దాటి ఆనెగొంది, 575 మెట్ల అంజనాద్రి అంటే ఇంకో రోజు కావాలి. అది ఇందులో ఇరికించబోతే మళ్లీ ఇరవై పాయింట్ల కథే.

పోయిన డిసెంబర్‌లో అత్తయ్యను మళ్లీ తీసుకెళ్లాను. హజార రామాలయం గోడ దగ్గర గంటసేపు నిలబడి, శ్రవణకుమారుడు కనిపించగానే పక్కనున్న కన్నడ కుటుంబానికి తెలుగులోనే కథ మొదలెట్టింది. ఆ రోజు మాకు లోటస్ మహల్ కుదర్లేదు.