శాంప్లింగ్ డిస్ట్రిబ్యూషన్ ప్రాక్టీస్‌కి చీటీలా, కంప్యూటరా, ఫార్ములా లెక్కలా? ఏది మేలు?

మా అక్క కూతురు హైస్కూల్లో స్టాటిస్టిక్స్ తీసుకుంది. మొన్న ఓ లెక్క పట్టుకొచ్చింది, డబ్బాలో 200 చీటీలున్నాయి, 80 ఎర్రవి మిగతావి తెల్లవి, 20 చీటీలు తీస్తే అందులో ఎర్రవాటి వాటాకి స్టాండర్డ్ డీవియేషన్ (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉంటాయో చెప్పే అంకె) ఎంత అని. నేను చూసేలోపే తనే చేసేసింది, 0.4 ఇంటూ 0.6, దాన్ని 20తో భాగించి రూట్ తీస్తే 0.11. కరెక్టే (చిన్న మెలిక ఉంది, తర్వాత చెప్తా). సరే గానీ ఈ 0.11 దేని డీవియేషనే అని అడిగా.

"చీటీలది మామయ్యా."

ఏ చీటీలది?

"నేను తీసిన ఇరవై చీటీలది."

అదీ సంగతి. ఆన్సర్ రైటే, అది దేని ఆన్సరో మాత్రం తెలీదు. తన తప్పు కూడా కాదులెండి, అప్పటికి అలాంటివి ఓ ముప్ఫై లెక్కలు చేసుంటుంది, ఒక్క చీటీ కూడా తీసుండదు.

ఈ చాప్టర్ ప్రాక్టీస్ చేయడానికి మూడు దార్లున్నాయి. ఫార్ములా పెట్టి లెక్కలు దంచడం, నిజంగా చీటీలో పాచికలో కాయిన్లో పట్టుకుని కూర్చోవడం, లేదా కంప్యూటర్లో సిమ్యులేషన్ నడపడం. ఏది మేలు అంటే నా ఓటు రెండుగా చీలుతుంది, మామూలు ప్రాబబిలిటీకి ఒకటి, శాంప్లింగ్ డిస్ట్రిబ్యూషన్‌కి (ఒకే సైజు శాంపిళ్ళు మళ్ళీ మళ్ళీ తీస్తే వచ్చే వాటాలు ఎలా పరుచుకుంటాయన్నది) ఇంకొకటి. రెంటికీ ఒకే మందు అనుకోవడం దగ్గరే చాలామంది దెబ్బతింటారు.

ముందు ఫార్ములా సంగతి, ఎందుకంటే అందరూ తిట్టేది దాన్నే. బట్టీ అంటారు, బుర్రకి ఎక్కదంటారు. కానీ మామూలు ప్రాబబిలిటీలో దాన్ని కొట్టేది లేదు. పాత జూదగాళ్ళ ప్రశ్న ఒకటుంది, 1654లో ఫ్రెంచి లెక్కల పండితులు పాస్కల్, ఫెర్మా ఉత్తరాలు రాసుకున్న రోజుల్నాటిది. ఒక పాచికని 4 సార్లు వేస్తే కనీసం ఒక్క ఆరైనా పడుతుందని పందెం కాయొచ్చా? రెండు పాచికలు కలిపి 24 సార్లు వేస్తే కనీసం ఒక్కసారైనా జంట ఆరు పడుతుందని కాయొచ్చా? చూడ్డానికి రెండూ ఒకటే, 6కి 4 ఎంతో 36కి 24 అంతే కదా అనిపిస్తుంది. అసలు పడకపోవడానికి ఛాన్స్ ఎంతో లెక్కేసి 1లోంచి తీసేయండి, మొదటిది 0.518 వస్తుంది, రెండోది 0.491. ఒకటి సగానికి పైన, ఒకటి కింద, అంటే ఒక పందెం లాభం, రెండోది నష్టం. కాయితం మీద రెండు నిమిషాల పని. ఇదే పాచికలు వేసి తేల్చాలంటే, ఆ 0.518 సగానికి పైనే ఉందని కాస్త గట్టిగా చెప్పడానికి దగ్గర దగ్గర 3,200 ఆటలు ఆడాలి, ఆటకి 4 సార్లు కాబట్టి 12,800 సార్లు పాచిక వేయాలి. అప్పటికి పరీక్షలైపోతాయి.

కాబట్టి "కనీసం ఒకటి" లెక్కలు, కండిషనల్ ప్రాబబిలిటీ (ఒకటి జరిగిందని తెలిశాక ఇంకోటి జరిగే ఛాన్స్), ఇండిపెండెంట్‌కీ (ఒకదాని ప్రభావం ఇంకోదాని మీద లేనివి) మ్యూచువల్లీ ఎక్స్‌క్లూజివ్‌కీ (రెండూ ఒకేసారి జరగలేనివి) తేడా, ఇవన్నీ లెక్కలు చేసే నేర్చుకోవాలి. ఒక్కటే షరతు, టాపిక్ వారీగా ఉన్న షీట్లు కాకుండా కలగాపులగంగా ఉన్నవి చేయండి. పైన "కండిషనల్ ప్రాబబిలిటీ" అని హెడ్డింగ్ పెట్టి కింద పది లెక్కలిస్తే పదీ వచ్చేస్తాయి, ఎందుకంటే సగం పని ఆ హెడ్డింగే చేసిపెట్టింది.

ఇక శాంప్లింగ్ డిస్ట్రిబ్యూషన్. ఇక్కడ ఫార్ములా చతికిలపడుతుంది, ఎందుకంటే ఇక్కడ కష్టం లెక్కలో లేదు, బుర్రలో మూడు బొమ్మల్ని విడివిడిగా పెట్టుకోవడంలో ఉంది. డబ్బా మొత్తం బొమ్మ ఒకటి, రెండే కడ్డీలు, ఎర్రవి 80 తెల్లవి 120. నువ్వు తీసిన శాంపిల్ బొమ్మ ఇంకొకటి, అదీ రెండే కడ్డీలు, ఎర్రవి 11 తెల్లవి 9 అనుకో. మూడోదే అసలుది, అలాంటి శాంపిళ్ళు బోలెడు తీసి ఒక్కో శాంపిల్‌కి వచ్చిన వాటాని ఒక్కో చుక్కగా పెడితే వచ్చే గుట్ట. 0.11 ఆ గుట్టది. మా అమ్మాయి బుర్రలో రెండోదీ మూడోదీ కలిసిపోయాయి, ఫార్ములా ఆ రెంటినీ విడదీయదు, అది మనమేం అనుకున్నా 0.11 అనే అంటుంది.

అందుకే ఆ సాయంత్రం నిజంగానే 200 చీటీలు కత్తిరించాం, 80 చీటీల మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో గీత. (గీత పెట్టాక మడత పెట్టండి, లేకపోతే చెయ్యి తెలీకుండానే ఎర్రది చూసి తీస్తుంది.) తను కలిపి 20 తీయడం, నేను లెక్కపెట్టి డబ్బాలో పడేయడం, తను కాయితం మీద ఒక చుక్క పెట్టడం. మొదటిసారి 11 ఎర్రవి, 0.55. "తప్పు వచ్చింది మామయ్యా, 0.4 రావాలి కదా" అంది, మళ్ళీ తీస్తానంది. వద్దు, చుక్క పెట్టు అన్నా. రెండోసారి 7. తర్వాత 8. తర్వాత 5, మళ్ళీ మొహం మాడ్చుకుంది. పదిహేను చుక్కలు దాటాక మొహం మాడ్చుకోవడం ఆగిపోయింది, ముప్ఫై దాటాక 11 వస్తే "ఆఁ వస్తాయిలే అప్పుడప్పుడూ" అంటోంది. ఆ "అప్పుడప్పుడూ" ఉంది చూశారూ, అదే స్టాండర్డ్ డీవియేషన్, ఫార్ములాతో ఒక నెలకి రానిది గంటలో వచ్చింది. 40 చుక్కలయ్యాక 0.11 దేనిదే అని అడిగితే వేలు గుట్ట మీద పెట్టింది, చీటీల మీద కాదు.

చేత్తో చేయడంలో లోటు లేకపోలేదు. విసుగు, అది మొదటిది. రెండోది 40 చుక్కల గుట్ట ఎగుడుదిగుడుగా ఉంటుంది, పుస్తకంలో గంట బొమ్మలా నున్నగా రాదు, పిల్లలు మనం ఏదో తప్పు చేశాం అనుకుంటారు. జాన్ కెరిక్ అని ఒకాయన రెండో ప్రపంచ యుద్ధంలో డెన్మార్క్‌లో నిర్బంధంలో ఉన్నప్పుడు కాయిన్ 10,000 సార్లు ఎగరేస్తే బొమ్మ 5,067 సార్లు పడింది. అంత ఓపిక పట్టినా సరిగ్గా సగం రాలేదు, రానక్కర్లేదు కూడా, అన్నిసార్లకి స్టాండర్డ్ డీవియేషనే 50, కాబట్టి 67 తేడా ఓ వింతేం కాదు. మనకంత తీరికా లేదు, ఆ నిర్బంధమూ లేదు, అక్కడే కంప్యూటర్ కావాలి.

కంప్యూటర్ అంటే రెడీమేడ్‌గా దొరికే బటన్ నొక్కే బొమ్మలు కాదు నా దృష్టిలో. అవి అందంగా ఉంటాయి, నొక్కగానే గంట ఆకారం వచ్చేస్తుంది, పిల్లలు "ఓ బాగుంది" అని ట్యాబ్ మూసేస్తారు. వచ్చిన చుక్కల్లో ఒక్క చుక్కైనా ఎక్కణ్ణుంచి వచ్చిందో వాళ్ళకి తెలీదు. దానికంటే స్ప్రెడ్‌షీట్ మేలు, ఒక అడ్డు వరసలో 20 గళ్ళు, ప్రతి గడిలో ర్యాండమ్ నంబర్ 0.4 కంటే తక్కువైతే 1 లేకపోతే 0, ఇరవై ఒకటో గడిలో వాటి సగటు. ఆ వరసని కిందికి 1,000 దాకా లాగేయండి. ఒక వరస అంటే ఒక శాంపిల్, చివరి కాలమ్ అంటే గుట్ట. కట్టుకున్నది తనే కాబట్టి ఏది ఏంటో తెలుస్తుంది.

కంప్యూటర్ పిల్లల్ని బోల్తా కొట్టించే చోటు ఒకటుంది, నన్నడిగితే ఈ చాప్టర్ మొత్తంలో అసలు ముడి అదే. వరసలు 1,000 నుంచి 10,000 చేస్తే గుట్ట ఏమవుతుంది అని అడగండి. పదిలో ఎనిమిది మంది సన్నబడుతుంది అంటారు (సర్వే ఏం చేయలేదు, నాకు తగిలినవాళ్ళ లెక్క). సన్నబడదు, నున్నబడుతుంది అంతే. సన్నబడాలంటే పెంచాల్సింది వరసలు కాదు, వరసలో గళ్ళు. 5 చీటీల శాంపిల్ అయితే డీవియేషన్ 0.22, 20 అయితే 0.11, 80 అయితే 0.055, సైజు నాలుగింతలైతే వెడల్పు సగం. శాంపిల్ సైజు వేరు, శాంపిళ్ళ సంఖ్య వేరు అన్న తేడా చేత్తో చేసినవాళ్ళకి తొందరగా ఎక్కుతుంది, ఎందుకంటే ఒకటి చేతిలో చీటీల లెక్క, ఇంకోటి కాయితం మీద చుక్కల లెక్క. అది చేయకుండా సూటిగా కంప్యూటర్ ముందు కూర్చుంటే రెండూ స్క్రీన్ మీద పక్కపక్కనుండే అంకెలే, ఏది మార్చామో కూడా గుర్తుండదు.

ఇదేదో చిన్నపిల్లల ఆట అనుకునేవాళ్ళకి ఒక మాట. టీ డిస్ట్రిబ్యూషన్ (చిన్న శాంపిళ్ళ సగటు లెక్కలకి వాడేది) కనిపెట్టిన గోసెట్, గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసేవాడు, 1908లో స్టూడెంట్ అనే పేరుతో పేపర్ వేశాడు. అందులో 3,000 మంది ఖైదీల కొలతలు అట్టముక్కల మీద రాసి, బాగా కలిపి, నాలుగేసి చొప్పున తీసి, 750 శాంపిళ్ళతో తన ఫార్ములా సరిపోతోందా అని చూసుకున్నాడు. చీటీలూ ఫార్ములా రెండూ పెట్టుకున్నాడు, పాపం కంప్యూటర్ ఒక్కటే లేదు.

టైమ్ లేదు, ఏదో ఒకటే చెప్పు అంటే ప్రాబబిలిటీకి కలగాపులగం లెక్కలు, శాంప్లింగ్ డిస్ట్రిబ్యూషన్‌కి చీటీలు, కనీసం ఓ ఇరవై చుక్కలు. రేపే పరీక్ష అయితే మాత్రం చీటీల జోలికి పోకండి, ఫార్ములా చూసుకుని పడుకోండి. వారం ఉంటే చీటీలు ముందు, స్ప్రెడ్‌షీట్ తర్వాత, ఫార్ములా చివర. ఈ వరస తిరగేస్తే చీటీల దగ్గరికి వచ్చేసరికి "ఆన్సర్ తెలుసు కదా, ఎందుకు తీయడం" అంటారు, అప్పుడిక ఎవరూ కూర్చోరు.

ఇందాక చెప్పిన మెలిక. పాతిక చుక్కలయ్యాక మా అమ్మాయి ఆగి "మామయ్యా, ఒక చీటీ తీశాక మళ్ళీ డబ్బాలో వేసి రెండోది తీయాలా, ఇరవై ఒకేసారి తీయొచ్చా?" అంది. ముప్ఫై లెక్కల్లో ఒక్కసారీ రాని ప్రశ్న. తిరిగి వేయకపోతే డీవియేషన్ 0.11 కాదు, 0.104. ఆ ఇసుమంత తేడా మా 40 చుక్కల్లో కనపడదు, అందుకే చిన్న ప్రోగ్రామ్ రాసి రెండు పద్ధతుల్లోనూ 10,000 శాంపిళ్ళు తీశాం, రెండు అంకెలూ విడివిడిగా తేలాయి. శాంపిల్ డబ్బాలో పదో వంతు దాటకూడదని పుస్తకంలో ఓ రూల్ ఉంటుంది కదా, అది ఇందుకే అని అప్పుడు చెప్పా. 200లో 20 అంటే సరిగ్గా గీత మీదున్నాం. వెంటనే "మరి 100 తీస్తేనో?" అని డబ్బా తన వైపు లాక్కుంది.