ఆరు క్రిస్మస్‌లు చూసిన మా పశువుల పాక బొమ్మలు

2019 డిసెంబర్‌లో కాజీపేటలోని ఒక దుకాణంలో 650 రూపాయలు పెట్టి ఈ పశువుల పాక సెట్టు కొన్నాను. అప్పటికి మా పాపకు మూడున్నరేళ్లు. ఇప్పుడు ఎనిమిదిన్నర, మొదటి సత్ప్రసాదానికి (పూజలో యేసు శరీరంగా అందుకునే రొట్టె) తయారవుతోంది. మధ్యలో ఆరు క్రిస్మస్‌లు ఈ బొమ్మల ముందే గడిచాయి. చిన్న పిల్లలకు ఈ పండుగ అర్థం ఎలా చెప్పాలా అని ఆలోచించే తల్లిదండ్రులకు పనికొస్తుందని రాస్తున్నాను.

సెట్టులో మొత్తం 12 బొమ్మలు. మరియమ్మ, యోసేపు, తొట్టిలో బాల యేసు, ఇద్దరు గొర్రెల కాపరులు, కానుకలు తెచ్చిన ముగ్గురు జ్ఞానులు, ఒక దేవదూత, ఆవు, గాడిద, గొర్రె. అన్నీ ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌వే, జానెడు ఎత్తు కూడా ఉండవు. రంగులు పర్వాలేదు. పాక మాత్రం అట్టతో చేసింది, రెండో ఏడాదికే కూలిపోయింది. ఇప్పుడు చెప్పుల డబ్బాకు వరిగడ్డి అంటించి వాడుతున్నాం, అదే బాగుంది.

పెద్ద లోపం ఒకటి ముందే చెప్పాలి. ఇందులో బాల యేసు తొట్టికి అతుక్కునే ఉంటాడు. రెండూ ఒకే అచ్చులో పోశారు. చూడటానికి చిన్న విషయమే. కానీ పిల్లలకు చెప్పేటప్పుడు కథ అక్కడే ఆగిపోతుంది. ఆగమన కాలమంటే క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాల ఎదురుచూపు. మొదటి ఆదివారం నాడే బాబు పాకలో పడుకుని ఉంటే పిల్లలు దేని కోసం ఎదురుచూస్తారు? మొదటి ఏడాది మా పాప సూటిగా అడిగింది, "పుట్టిండు కదా అమ్మా, మళ్లెందుకు పుడతడు?" అని.

రెండో ఏడాది ఆ బొమ్మను దాచేసి, అగ్గిపెట్టెలో గడ్డి పరిచి ఖాళీ తొట్టి చేశాను. వేలెడంత బాల యేసు బొమ్మ విడిగా 60 రూపాయలకు దొరికింది. ఈ సెట్టు నిజంగా పనికొచ్చింది ఆ రోజు నుంచే. పొద్దున లేవగానే పాప ఆ అగ్గిపెట్టెలోకి తొంగి చూసేది. "ఇంకా రాలే" అని తనే చెప్పుకునేది. 24 రాత్రి ఫాతిమానగర్ కెథడ్రల్‌లో పూజ అయ్యాక ఇంటికొచ్చి, నిద్ర కళ్లతోనే తన చేత్తో బాబును తొట్టిలో పెట్టింది. నాలుగేళ్ల పిల్లకు రక్షణ, అవతరణ లాంటి మాటలు పట్టవు. "రావలసిన వాడొకడు ఉన్నాడు, వచ్చాడు" అన్నది మాత్రం పట్టింది. నేను చెప్తే పట్టలేదు, ఖాళీ తొట్టి చెప్తే పట్టింది. కాబట్టి కొనేవాళ్లు ముందు చూడాల్సింది ఒకటే, బాల యేసు బొమ్మ విడిగా చేతికి వస్తుందా లేదా అని.

తొట్టి గురించి ఇంకో మాట. పశువుల తొట్టి అని నేను ఎన్నిసార్లు చెప్పినా పాప మనసులో పడింది తొట్టెల. మన దగ్గర పసిపిల్లలను ఊపేది తొట్టెల కదా. ఆవులు తమ తొట్టెలను యేసుకు ఇచ్చాయని, దానికి రంగు బట్టలు కట్టి ఉంటాయని అనుకుంది. సెట్టులో వచ్చిన తొట్టికి బంగారు రంగు పూయడం వల్ల ఆ ఊహ ఇంకా గట్టిపడింది. 2021లో పండుగకు ముందు పరకాల దగ్గరున్న మా అత్తగారి ఊరికి పోయినప్పుడు, మామయ్య పాపను కొట్టంలోకి తీసుకుపోయారు. సిమెంటు తొట్టిలో మూతి పెట్టి బర్రె కుడితి తాగుతోంది. అంచంతా చొంగ, పక్కన తడిసిన గడ్డి, ఈగలు. "గిసొంటి దాంట్లనే యేసయ్యను పండవెట్టిన్రు" అన్నారు మామయ్య. పాప ముక్కు మూసుకుంది. "దేవుడే కదా తాతా, మంచి జాగ అడగొచ్చు కదా?"

మామయ్య బర్రె మెడ నిమురుతూ కొంచెంసేపు ఆగారు. "మంచి జాగలకు అందరు రాలేరు బిడ్డా. కొట్టంలకైతే జీతగాడు గూడ వస్తడు."

నేను ఎన్నో ఏళ్లు గుడిలో ప్రసంగాలు విన్నాను. నాకే ఆ మాట కొత్తగా వినిపించింది. దేవదూత మొదట కబురు చెప్పింది గొర్రెల కాపరులకు అని లూకా తన సువార్తలో ఎందుకు రాశాడో అప్పుడు అర్థమైంది. ఇంటికొచ్చాక పాప కాపరుల బొమ్మలను అన్నిటికంటే ముందు, తొట్టికి ఆనుకుని పెట్టింది. ఇప్పటికీ అక్కడే పెడుతుంది.

ఊళ్లో ఉన్న ఆ రాత్రే అత్తమ్మ పొత్తిగుడ్డల సంగతి తేల్చారు. బైబిల్లో ఆ మాట చదివినప్పుడల్లా అవేం గుడ్డలని పాప అడిగేది. అత్తమ్మ తన పాత నేత చీర అంచు చింపి, బొమ్మను చేతిలోకి తీసుకుని, కాళ్ల దగ్గర్నుంచి మెడ దాకా బిగుతుగా చుట్టి చూపించారు. "నువ్వు పుట్టినప్పుడు నిన్ను గూడ గిట్లనే సుట్టిన. కొత్త బట్ట గరుకుంటది, పసిపిల్లకు పాత చీరనే మెత్తగుంటది." పాప చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అంటే యేసయ్య నా లెక్కనే ఉన్నడా?" అంది. యేసుకున్న మరో పేరు ఇమ్మానుయేలు, అంటే దేవుడు మనతో ఉన్నాడని అర్థం. దాన్ని ఇంతకంటే బాగా చెప్పడం నాకు రాదు. ఆ చీర ముక్క ఇప్పటికీ సెట్టుతోపాటే ఉంది.

బొమ్మలు తప్పుగా నేర్పే విషయం కూడా ఉంది. ఒకే రాత్రి కాపరులూ జ్ఞానులూ అందరూ వచ్చినట్టు చూపిస్తాయి. మత్తయి సువార్తలో జ్ఞానులు తర్వాత వస్తారు, ఇంట్లో ఉన్న బిడ్డను చూస్తారు, వాళ్లు ఎంతమందో అక్కడ లేదు. కానుకలు మూడు కాబట్టి ముగ్గురు అనుకుంటున్నాం. ఆవు, గాడిద కూడా సువార్తల్లో కనిపించవు, పాత నిబంధనలోని యెషయా గ్రంథం మొదటి అధ్యాయం నుంచి వచ్చి చేరాయి. 1223లో ఇటలీలోని గ్రెచ్చోలో అస్సీసీ ఫ్రాన్సిస్ అనే పునీతుడు తొట్టిలో గడ్డి పరిచి, నిజమైన ఎద్దునూ గాడిదనూ నిలబెట్టారు. ఈ ఆచారం జనంలో పాకింది అప్పటి నుంచే. బొమ్మకంటే బర్రె మా పాపకు ఎక్కువ చెప్పిందంటే ఆశ్చర్యం లేదు.

పక్కింటి పాప ఏటా వచ్చి బొమ్మలు సర్దుతుంది. ఆమె కృష్ణయ్య జైల్లో పుట్టిన కథ చెప్పింది, మా పాప యేసయ్య పాకలో పుట్టిన కథ చెప్పింది. కంసుడి భయంతో బిడ్డను యమున దాటించిన చోటికి ఒకరు, హేరోదు రాజు భయంతో బిడ్డతో ఐగుప్తుకు (ఈజిప్టుకు) పారిపోయిన చోటికి ఒకరు వచ్చి, ఇద్దరూ ఆగి ఒకరి మొఖం ఒకరు చూసుకున్నారు. నేను మధ్యలో ఏమీ చెప్పలేదు.

ఈ ఏడాది కొత్తగా కలిసింది యేసు పుట్టిన ఊరు బెత్లెహేము అన్న పేరు. హీబ్రూలో రొట్టెల ఇల్లు అని అర్థమని చెప్పగానే పాపే అంది, "రొట్టెల ఊర్లో పుట్టి, మేత తొట్టిలో పండుకున్నడు. అందుకేనా సత్ప్రసాదం?" ఐదేళ్ల కిందటి పిల్లకు ఇది చెప్పి ఉంటే నిలిచేది కాదు.

బొమ్మల మన్నిక మాటకొస్తే, యోసేపు చెయ్యి విరిగింది, ఫెవికాల్‌తో అంటించాం. గొర్రె చెవి పోయింది. ఆవు పగిలిపోతే, దాని స్థానంలో నిర్మల్ నుంచి తెచ్చిన పొనికి చెక్క ఆవును పెట్టాం. తేలికగా ఉంటుంది, పడినా పగలదు, మూడేళ్ల పిల్లల చేతికి ధైర్యంగా ఇవ్వొచ్చు. చెక్కతో చేసిన సెట్టు దొరికితే అదే కొనండి. ముట్టుకోవద్దని చెప్పాల్సి వచ్చే బొమ్మలతో ఈ పని జరగదు.

5కి 4 ఇస్తాను. అతుక్కున్న తొట్టికి 1 తగ్గించాను.

ఇది రాసేటప్పటికి జ్ఞానులు ముగ్గురూ ఫ్రిజ్ మీద ఉన్నారు. రోజుకో మూర చొప్పున జరిపి, జ్ఞానుల రాకను గుర్తుచేసుకునే పండుగ రోజు, జనవరి 6కి పాక దగ్గరికి చేర్చాలని పాప లెక్క వేసి పెట్టింది.