పదేళ్లు వాడిన పాయింట్ 32 పిస్టల్: జబ్బు దానిది కాదు, రెండో మ్యాగజైన్‌ది

ఫీడింగ్ ప్రాబ్లం అంటే మా ఇందుకూరుపేట వైపు రొయ్యల మేత గురించే అనుకుంటారు. చెరువులో దించి చూసే చెక్‌ట్రేలో మేత మిగిలిందంటే రొయ్యకు ఒంట్లో బాగాలేదని లెక్క. నా పిస్టల్‌కీ అట్లాంటి జబ్బే పట్టింది. మ్యాగజైన్‌లో, అంటే తూటాలు పేర్చే డబ్బాలో తూటా ఉంటుంది, అది పేలాల్సిన గది ఛాంబర్‌లోకి మాత్రం పోదు.

2015లో లైసెన్సు మీద కొన్నాను. పాయింట్ 32 సెమీ ఆటోమేటిక్, ఎనిమిది రౌండ్ల (తూటాల) మ్యాగజైన్లు రెండు. కంపెనీ పేరు రాయను. తప్పు దానిదా నాదా అని తేలడానికే చాలా కాలం పట్టింది. ఏడాదికి ఒకటి రెండుసార్లు కాల్పులు ప్రాక్టీసు చేసే రేంజ్‌కు పోతాను, ఈ పదేళ్లలో కాల్చింది నాలుగు వందల రౌండ్లు దాటదు. నెల్లూరోళ్లం అన్నిటికీ చెన్నైకి పరిగెత్తుతాం గానీ నా లైసెన్సు ఆంధ్రా వరకే. కాబట్టి పక్కనే ఉన్నా పిస్టల్‌తో అక్కడికి పోవడానికి లేదు.

మొదటి నాలుగేళ్లు ఏ ఇబ్బందీ లేదు. 2019 ఎన్నికలకు లైసెన్సున్న అందరిలాగే పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేశాను. ఏప్రిల్ 11న పోలింగ్ అయినా లెక్కింపు మే 23న కదా, ఆ తర్వాత గానీ చేతికి రాలేదు. తోలు పౌచ్‌తో సహా ఇచ్చి నేనే పొరపాటు చేశాను. తోలు తేమ పీల్చుకుంటుంది, మాది ఉప్పుగాలి. స్లైడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) మీద సన్నగా తుప్పు పొడ కనిపించింది. ఆ తర్వాత రేంజ్‌లో ఆరో రౌండ్‌కో ఏడో రౌండ్‌కో స్లైడ్ సగంలో ఆగిపోవడం మొదలైంది. చూస్తే తూటా మూతి కిందికి వాలి, తూటాను ఛాంబర్‌లోకి ఎక్కించే వాలు, అంటే ఫీడ్ ర్యాంప్‌కు గుచ్చుకుని ఉంది.

తుప్పు వల్లే అనుకుని నూనె పోశాను. మామూలుగా కాదు, మ్యాగజైన్ లోపలికి కూడా కారేటట్టు. దాంతో ఇంకా చెడింది. నూనె దుమ్మును పట్టి జిగురు చేస్తుంది, తూటాలకు అంటితే మందు కూడా పాడయ్యే ప్రమాదం ఉంది. ఒక మిత్రుడు ర్యాంప్‌ను లేత్ షాపులో నున్నగా రుద్దించమన్నాడు. ఆ పని చేయకపోవడం నా అదృష్టం. ఆయుధం రిపేరు చేయడానికి కూడా ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు ఉండాలి. పైగా ర్యాంప్ అరిగితే తిరిగి రాదు.

దారి చూపింది రేంజ్‌లో నేర్పించే పొదిలి ఆయన, మిలిటరీలో చేసి రిటైరయ్యాడు. నా గోడు మొత్తం విని, "అబ్బయ్యా, ముందు మ్యాగజైన్లకు నంబర్లెయ్యి. ఏది ఎన్నో రౌండ్‌కు ఆగిందో రాసుకో," అన్నాడు. అంతే. పెయింట్ పెన్నుతో ఒకటి, రెండు అని రాసి రెండుసార్లు కాల్చాను. ఆగినవి ఐదు, ఐదూ రెండో నంబర్‌తోనే, అదీ చివరి రెండు మూడు రౌండ్లలోనే.

ఎందుకంటే, పేలగానే స్లైడ్ వెనక్కి పోయి ఖాళీ కేసును (పేలిన తూటా తొడుగును) బయటికి విసురుతుంది. అది మళ్లీ ముందుకొచ్చేలోపు మ్యాగజైన్ స్ప్రింగ్ తర్వాతి తూటాను పైకి తోసి సిద్ధంగా ఉంచాలి. అడుగు తూటాల దగ్గరికొచ్చేసరికి స్ప్రింగ్ దాదాపు విచ్చుకుని ఉంటుంది కాబట్టి బలం తక్కువ. ముసలి స్ప్రింగ్ అయితే తూటా ఆలస్యంగా లేస్తుంది, స్లైడ్ దాని మూతిని కిందికి నెట్టేస్తుంది. అదే నిండు మ్యాగజైన్ మీద మొదటి రౌండే ఆగితే వేరే కథ. అక్కడ మురికో, వంగిన లిప్సో (మ్యాగజైన్ పైన తూటాను పట్టి ఉంచే అంచులు), బిగువు ఎక్కువైన స్ప్రింగో చూడాలి.

పాయింట్ 32కే ఉన్న ఇంకో తిరకాసు అంచు. ఈ తూటా అడుగు అంచు ఒంటికంటే సుమారు అర మిల్లీమీటరు వెడల్పు. పై తూటా అంచు కింది తూటా అంచుకు వెనక పడితే రెండూ కొక్కెంలా పట్టుకుంటాయి, ఇక స్ప్రింగ్ ఎంత తోసినా లాభం లేదు. అందుకే నింపేటప్పుడు ప్రతి రౌండ్‌నూ కింది దాని అంచుకు ముందే ఉండేలా చూసుకుంటాను.

మణికట్టు వదులుగా పట్టినా ఇలాగే ఆగుతుంది. మా బావమరిది చేతిలో ఒకటో నంబర్ కూడా ఆగితే ముందు నాకు గుండె జారింది. ఆయన పట్టు బిగించగానే సరిపోయింది.

లైసెన్సున్న డీలర్ దగ్గర రెండో నంబర్‌కు కొత్త స్ప్రింగ్ వేయించాను. లిప్స్ కూడా కొంచెం విచ్చుకున్నాయని ఆయనే సరిచేశాడు. ఇంట్లో పరీక్షించాల్సి వస్తే మందు లేని డమ్మీ రౌండ్లతోనే. దానికి ముందు మ్యాగజైన్ తీసి, స్లైడ్ లాగి, ఛాంబర్‌లో చిటికెన వేలు పెట్టి మరీ చూస్తాను. అసలు తూటాలు అప్పుడు ఇంకో గదిలో ఉంటాయి. నూనె ఇప్పుడు స్లైడ్ గాడుల్లో చుక్క, మ్యాగజైన్ లోపల మాత్రం పొడిగుడ్డ తుడుపే.

2024లో మే 13 పోలింగ్‌కు మళ్లీ డిపాజిట్ చేశాను. ఈసారి తోలు పౌచ్ లేదు, మూతున్న ప్లాస్టిక్ డబ్బా, లోపల నాలుగు సిలికా జెల్ పొట్లాలు. తిరిగొచ్చాక రెండు మ్యాగజైన్లూ కాల్చి చూశాను, పదహారు రౌండ్లలో ఒక్కటీ ఆగలేదు. పొరపాటున పేలకుండా ఆపే సేఫ్టీ లివర్ మాత్రం కొన్న రోజు ఎంత గట్టిగా ఉందో ఇప్పటికీ అంతే, బొటనవేలు నొప్పి పుడుతుంది.