మూడేళ్లుగా రాత్రిపూట లైటు: నా రెఫ్యూజియం అనుభవం

నల్లగొండలో ఉప్పునీటి అక్వేరియం పెట్టినప్పటి నుంచి నన్ను వదలని టెన్షన్ నైట్రేట్. మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ కాబట్టి ఆర్‌ఓ నీళ్లలోనే సముద్రపు ఉప్పు కలుపుతాను. నీళ్లతో ఇబ్బంది లేదు. చేపలకు వేసే మేతే చివరికి నైట్రేట్, ఫాస్ఫేట్‌గా మారి పేరుకుపోతుంది. అందుకని మూడడుగుల ట్యాంకు కింద సంప్‌లో, అంటే పై నీళ్లు దిగి మళ్లీ పైకి వెళ్లే తొట్టిలో, ఒక అరను రెఫ్యూజియంగా, అంటే వాటిని తినే నాచు పెంచే చోటుగా మార్చాను. అందులో చీటో నాచు వేసి, పైన 18 వాట్ల ఎరుపు, నీలం ఎల్‌ఈడీ గ్రో లైటు బిగించి మూడేళ్లు దాటింది. ఇన్నేళ్లలో లైటు అదే. మారుస్తూ వచ్చింది అది వెలిగే వేళలనే.

ఇప్పుడు పై ట్యాంకు లైటు మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 9 దాకా వెలుగుతుంది. అది ఆరగానే కింద నాచు లైటు వెలిగి ఉదయం 11కి ఆరుతుంది. అంటే 14 గంటలు. పగలు కోరల్స్‌లో (పగడాల్లో) ఉండే ఆల్గే కార్బన్ డయాక్సైడ్ వాడుకుంటుంది, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాల కొలత) పెరుగుతుంది. రాత్రి ట్యాంకులో ఉన్న ప్రతి ప్రాణీ దాన్ని వదులుతుంది, పీహెచ్ పడిపోతుంది. ఆ వేళకు నాచుకు వెలుతురు ఇస్తే అది ఆ గ్యాస్‌ను తీసుకుంటుంది. మొదట్లో ఉదయం 6 గంటలకు చూస్తే నా ట్యాంకులో 7.8 ఉండేది. ఇప్పుడు 8.0 కంటే కిందికి దిగడం అరుదు. ఎండాకాలంలో తలుపులన్నీ మూసి ఏసీ వేసుకుని పడుకున్న రాత్రుల్లో మాత్రం మన ఊపిరి కూడా గదిలోనే ఉండిపోయి కాస్త తగ్గుతుంది.

ఎక్కువ వెలుతురు ఇస్తే ఎక్కువ పెరుగుతుందనుకుని ఒకసారి రెండు నెలలు 24 గంటలూ వెలిగించాను. కరెంటు నెలకు ఏడున్నర యూనిట్ల నుంచి 13 యూనిట్లకు పెరిగింది, నాచు మాత్రం ఆ లెక్కన పెరగలేదు. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకు వచ్చాయి. అప్పుడు మొదలైంది అసలు కష్టం. ఇసుక మీద గోధుమరంగు జిగురు, దానిలో చిన్న చిన్న గాలి బుడగలు. అవి డైనోఫ్లాజెల్లేట్లు అనే కంటికి కనపడనంత చిన్న జీవులు. చీటో కూడా ఆకలికి పాలిపోయింది. లైటు 10 గంటలకు తగ్గించి, మేత కొంచెం పెంచాక నెలన్నరకు గానీ ఇసుక తెల్లబడలేదు. ఇప్పుడు వారానికోసారి నైట్రేట్ చూస్తాను. 5 దగ్గర ఉంటే 14 గంటలు, 2కి దిగితే ఒక గంట తగ్గిస్తాను.

అన్నిటికంటే బాధపెట్టింది టైమర్. మొదటి ఏడాది 350 రూపాయల తిరిగే చక్రం టైమర్ వాడాను. కరెంటు పోతే దాని చక్రం ఆగిపోతుంది. గంట పోతే గంట వెనకబడుతుంది. ఆ మే నెలలో పది రోజుల కోతలకు లైటు రాత్రి 9కి బదులు 2కి వెలగడం మొదలైంది. అప్పట్లో చీటోతో పాటు ద్రాక్ష గుత్తుల్లా ఉండే కాలర్పా అనే ఇంకో నాచు కూడా ఉండేది. అది ఇలాంటి ఒత్తిడిని తట్టుకోదు. ఒక ఉదయం లేచేసరికి గుత్తులన్నీ తెల్లగా గాజులా అయిపోయి, నీళ్లు పచ్చటి పాలలా ఉన్నాయి. తనలోని బీజకణాలన్నీ ఒకేసారి నీళ్లలో వదిలి చచ్చిపోయింది. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఎయిర్ పంపు పెట్టి, సగం నీళ్లు మార్చినా ఒక క్లౌన్ ఫిష్ దక్కలేదు. రెండేళ్లు నా చేతి మేత తిన్న చేప అది. ఆ రోజే కాలర్పా మొత్తం తీసేసి, లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్ కొన్నాను. కోతలున్న ఊళ్లో లైటు కంటే ముందు కొనాల్సింది అదే.

చీటోతో ఆ భయం లేదు. మూడు వారాలకోసారి చెయ్యి పెట్టి తీస్తే గిన్నెలు తోమే పచ్చ పీచులా ముద్దగా వస్తుంది, కొరకొరలాడుతుంది. ఒక తెల్ల గిన్నెలో ఉప్పునీళ్లు పోసి విదిలిస్తే ఆంఫిపాడ్లు అనే గింజంత రొయ్యల్లాంటి పురుగులు పదుల కొద్దీ రాలతాయి. వాటిని తిరిగి సంప్‌లోకే పోసి, మూడో వంతు నాచు తీసేస్తాను. ఇలా తీసిన నాచుతోనే నైట్రేట్ బయటికి పోతుంది. తీయకుండా వదిలేస్తే అడుగున వెలుతురు అందక కుళ్లి, తిన్నదంతా మళ్లీ నీళ్లలోకే వదులుతుంది.

పక్కింటి పెద్దమ్మ ఒకరోజు అడిగింది, "ఏంది బిడ్డా, రాత్రంతా మీ ఇంట్ల గా గులాబీ లైటు?" ఆ సాయంత్రమే సంప్ చుట్టూ నల్ల ఫోమ్ షీటు అతికించాను. వెలుతురు పై ట్యాంకులోకి కూడా వెళ్లడం మానేసి, అద్దం మీద పాచి తగ్గింది. ఇక లైటులో లోపమంటే ఒకటే, ఉప్పు చెమ్మకు దాని స్క్రూలు తుప్పు పట్టాయి. కింద ఒక గాజు పలక అడ్డం పెట్టి, నెలకోసారి తడిగుడ్డతో తుడుస్తున్నాను.