సింగపూర్ క్రూజ్‌లో పెనాంగ్ దిగితే: బస్సు టూరా, కాలినడకా?

సింగపూర్ నుంచి బయల్దేరే క్రూజుల్లో చాలావాటికి మలేసియాలోని పెనాంగ్ దీవి ఒక మజిలీ. నౌక ఆగేది స్వెటెన్‌హామ్ పియర్‌లో, అంటే జార్జ్‌టౌన్ పాత ఊరికి ఆనుకునే. గేటు దాటి బయటికొస్తే కాస్త దూరంలోనే విక్టోరియా గడియార స్తంభం, దాని పక్కన కార్న్‌వాలిస్ కోట. ఇంత దగ్గరున్నవాటిని చూపించడానికి నౌకలో కలోనియల్ హెరిటేజ్ పేరుతో బస్సు టూర్ అమ్ముతారు, అది కొనాలా వద్దా అని అందరికీ సందేహమే. మా ఇంట్లో రెండూ జరిగాయి. మోకాళ్ళ నొప్పులున్న అత్తయ్యగారు, ఆవిడకి తోడుగా మామయ్యగారు బస్సెక్కారు, నేనూ మా ఆయనా నడిచాం. అందుకే రెండింటి సంగతీ రాస్తున్నాను.

బస్సు టూర్‌లో మంచి ఉంది. నౌక దగ్గరే ఎక్కించుకుంటారు, ఏసీ ఉంటుంది, ట్రాఫిక్‌లో బస్సు చిక్కుకుని ఆలస్యమైనా తమ టూర్ మీద వెళ్ళినవాళ్ళ కోసం నౌక ఆగుతుంది. పెద్దవాళ్ళకి ఆ నిశ్చింత చాలా పెద్ద విషయం. కానీ అత్తయ్యగారు వాళ్ళని కోట లోపలికి తీసుకెళ్ళలేదు, గోడ బయట ఫోటోలు తీసుకోమన్నారు. 1885లో సార్కీస్ సోదరులు మొదలుపెట్టిన ఈస్టర్న్ అండ్ ఓరియంటల్ హోటల్‌ని బస్సు కిటికీలోంచే చూపించారు. అదే కాఫీ పొడి, చాక్లెట్లు అమ్మే షాపు దగ్గర మాత్రం అందరినీ దింపి చాలాసేపు ఉంచేశారట. హెరిటేజ్ అని డబ్బు తీసుకున్నాక టైమంతా షాపులో గడిపించడం నాకు అస్సలు నచ్చలేదు. ఆ టికెట్ డబ్బుతో నలుగురం గ్రాబ్ (ఫోన్ యాప్‌లో పిలిచే అద్దె కారు)లో తిరిగి, లోపలి టికెట్లు కొని, భోజనం చేసినా ఇంకా మిగిలేది.

ఇక మేం చూసినవి. గడియార స్తంభం ఎత్తు 60 అడుగులు, విక్టోరియా రాణి పాలనకు 60 ఏళ్ళు నిండిన సందర్భంగా ఏడాదికో అడుగు లెక్కన ఛా చెన్ ఎయోక్ అనే చైనా వ్యాపారి తన డబ్బుతో కట్టించాడు. 1902లో పూర్తయ్యేసరికి రాణి పోయి ఏడాది దాటింది. రెండో ప్రపంచ యుద్ధంలో దగ్గర్లో పడ్డ బాంబులకి కొద్దిగా ఒరిగింది, నిలబడి పరకాయించి చూస్తే తెలుస్తుంది. ఇక్కడ ఐదు నిమిషాలు చాలు.

కోటకి మాత్రం టైమ్ ఇవ్వండి. గోల్కొండలాంటిది ఊహించుకుని వెళ్తే చిన్నగా కనిపిస్తుంది, గోడలు పదడుగుల ఎత్తే, యుద్ధమన్నది చూడని కోట. 1786లో ఈస్టిండియా కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ లైట్ ఈ దీవిలో దిగి మొదట తాటి జాతి చెట్ల మొద్దులతో దడి కట్టించాడు, తర్వాత అది ఇటుక కోట అయింది. కార్న్‌వాలిస్ పేరు మనకీ కొత్తది కాదు, గవర్నర్ జనరల్‌గా ఆయన 1793లో బెంగాల్లో పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతినే 1802లో మన కోస్తా జిల్లాలకీ తెచ్చి జమీందారీలు స్థిరం చేశారు. లోపల చిన్న ప్రార్థనా మందిరం, మందుగుండు గది, సముద్రం వైపు ఫిరంగులు ఉన్నాయి. వాటిలో సెరి రాంబాయ్ అనే కంచు ఫిరంగి 1603 నాటి డచ్చివాళ్ళది, పిల్లలు కావాలనుకునే ఆడవాళ్ళు దానికి పూలు పెట్టేవారట.

గైడ్లు చెప్పే కథలో లైట్ వచ్చాడు, అడవి కొట్టించాడు, ఊరు కట్టాడు అన్నంతవరకే ఉంటుంది. నిజానికి అవతలి ఒడ్డున ఉన్న కెడా అనే మలయ్ రాజ్యపు సుల్తాన్ ఈ దీవిని ఇచ్చింది శత్రువులొస్తే సైన్యసాయం చేస్తారన్న ఆశతో, కంపెనీ ఆ సాయం చేయలేదు. 1791లో ఆయన దీవిని వెనక్కి తీసుకోవాలని సైన్యం కూడగడితే ఓడించి, ఏడాదికి 6,000 స్పానిష్ డాలర్ల భరణంతో సరిపెట్టారు. కోట ఇటుకల్లోనూ, ఆ పక్కనే 1818లో పూర్తయిన సెయింట్ జార్జ్ చర్చిలోనూ ఉన్నది మన దేశం నుంచి శిక్ష వేసి ఓడల్లో తెచ్చిన ఖైదీల చాకిరీ. కంపెనీ మీద తిరగబడ్డ తమిళనాటి శివగంగ మరుదు సోదరులను 1801లో ఉరితీశాక, చిన్న మరుదు కొడుకు దొరైస్వామితో సహా డెబ్బై మందికి పైగా తిరుగుబాటుదారుల్ని పంపింది కూడా ఈ దీవికే. మామయ్యగారిని అడిగితే వాళ్ళ గైడ్ ఈ ఖైదీల మాటే ఎత్తలేదన్నారు. తెల్లటి స్తంభాలతో అంత అందంగా ఉన్న చర్చిని చూపించి, దాన్ని కట్టిన చేతుల గురించి ఒక్క ముక్క చెప్పకపోతే మనవాళ్ళు ఏం తెలుసుకుని వెళ్తారు? దయచేసి వెళ్ళేముందు ఈ చరిత్ర కాస్త చదువుకుని వెళ్ళండి, ఆ ఊరు వేరేగా కనిపిస్తుంది.

చర్చి నుంచి అదే రోడ్డులో దక్షిణంగా నడవండి. చైనావాళ్ళ కరుణా దేవత కువాన్ యిన్ గుడి, వెనక వీధిలో 1833 నాటి మహామారియమ్మన్ కోవెల, ఆ తర్వాత తమిళ తీరపు ముస్లిం వ్యాపారులు 1801లో మొదలుపెట్టిన కపిటాన్ కెలింగ్ మసీదు వరసగా వస్తాయి. నా దృష్టిలో మొత్తం జార్జ్‌టౌన్‌లో ఇదే మేలైన నడక, పైసా ఖర్చు లేదు. 2008లో యునెస్కో ఈ ఊరికి గుర్తింపు ఇచ్చింది ఇలా అందరూ పక్కపక్కనే బతికిన తీరుకే అని అక్కడ నిలబడితే అర్థమవుతుంది.

పెద్ద ఇళ్ళలో అన్నీ చూసే టైమ్ ఉండదు, ఒకటి ఎంచుకోండి. నీలిమందు రంగు గోడల ఛోంగ్ ఫాట్ ట్జే భవనం పేరున్నది, కానీ కాస్త ఎడంగా లీత్ స్ట్రీట్‌లో ఉంది. చర్చ్ స్ట్రీట్‌లోని పెరనాకన్ (ఇక్కడ తరతరాలుగా స్థిరపడ్డ చైనా సంతతివాళ్ళ) మాన్షన్ పియర్‌కి దగ్గర, ఆకుపచ్చ రంగు ఇల్లు, లోపల నగలు, చెక్కపని, పింగాణీ చూడ్డానికి గంటన్నర సరిపోదు. పిల్లలున్నవాళ్ళకి ఇదే మేలు. మాకైతే ఖూ కోంగ్సి నచ్చింది, ఒకే ఇంటిపేరు వాళ్ళు కట్టుకున్న వంశ మందిరం, 1906 నాటిది, పైకప్పు మీద బొమ్మలే ఒక పూట పని.

నడక విషయంలో ఒక జాగ్రత్త. పాత షాపుల ముందు నీడగా వసారాలు ఉన్నాయి కానీ ఎత్తుపల్లాలు, మధ్యలో బైకులు అడ్డం, మోకాళ్ళు నొప్పి ఉన్నవాళ్ళకి కష్టం. ఎండ కంటే ఉక్కపోత ఎక్కువ, వాన ఎప్పుడైనా పడుతుంది, గొడుగు తప్పదు. పెద్దవాళ్ళకి రిక్షా బావుంటుంది, అక్కడి రిక్షాలో మనం ముందు కూర్చుంటాం, తొక్కే మనిషి వెనక ఉంటాడు కాబట్టి వీధంతా కళ్ళెదుట కనిపిస్తుంది. ఎక్కేముందే రేటు మాట్లాడుకోండి. ఈసారి అత్తయ్యగారిని బస్సు ఎక్కించకుండా రిక్షాలో తిప్పుదామని అనుకున్నాం.

భోజనానికి లిటిల్ ఇండియా వెళ్ళండి, శాకాహారులకి అరటాకు భోజనాలు దొరుకుతాయి, వచ్చీరాని తమిళమైనా పని జరుగుతుంది. మాంసాహారులైతే నాసి కండార్ తినాలి, ఒకప్పుడు తమిళ ముస్లింలు కావడిలో అన్నం, కూరలు పెట్టుకుని రేవు కూలీలకి అమ్మిన తిండి అది. నాలుగు రకాల పులుసులు కలిపి పోస్తారు, కారం మనకి సరిపోతుంది.

పాత కట్టడాల మీద నిజంగా ఇష్టమున్నవాళ్ళకి క్రూజ్ మజిలీ చాలదు. విడిగా విమానంలో వచ్చి ఒకటి రెండు రాత్రులు ఉండండి. పాత షాపు ఇళ్ళనే హోటళ్ళుగా మార్చినవి ఆర్మేనియన్ స్ట్రీట్ చుట్టుపక్కల ఉన్నాయి, లిఫ్ట్ ఉందో లేదో అడిగి బుక్ చేసుకోండి. అప్పుడైతే దేవగన్నేరు చెట్ల కింద ఫ్రాన్సిస్ లైట్ సమాధి ఉన్న పాత ప్రొటెస్టెంట్ శ్మశానం కూడా తీరిగ్గా చూడొచ్చు.

సొంతంగా తిరిగేవాళ్ళు నౌక బయల్దేరే టైమ్ కాదు, ఆఖరి బోర్డింగ్ టైమ్ గుర్తుపెట్టుకోవాలి, మన కోసం ఆగదు. పెనాంగ్‌లో గడియారం మార్చే పని లేదు, సింగపూర్ టైమే. అదే ట్రిప్‌లో ఫుకెట్ ఉంటే అక్కడ గంట వెనక ఉంటుంది. సింగపూర్ వీసా మాత్రం మల్టిపుల్ ఎంట్రీ అవునో కాదో బయల్దేరేముందే చూసుకోండి, తిరిగొచ్చి దిగేటప్పుడు మళ్ళీ ప్రవేశం కిందే లెక్క.