ఎపాక్సీ పుట్టీతో తాబేళ్ళు, టేకు చేపలు: ఆరేళ్ళ వాడకం తర్వాత

మాది విశాఖపట్నంలో పెదవాల్తేరు. సముద్ర జీవుల బొమ్మలు అచ్చం ప్రాణమున్నట్టు చెయ్యాలన్న పిచ్చి పట్టి ఆరేళ్ళయింది. అప్పటినుంచీ నా చేతిలో ఉన్నది హార్డ్‌వేర్ షాపులో దొరికే రెండు ముద్దల ఎపాక్సీ పుట్టీ. పైపు లీకులకి రెండు ముద్దలూ కలిపి పిసికి పెడితే గట్టిపడుతుందే, అదే. మూడు నాలుగు కంపెనీలవి మార్చి చూశాను, పెద్ద తేడా ఏం లేదు.

మట్టి ఎండితే కుంచించుకుపోతుంది, సన్నటి చోట పగులుతుంది. ఇది అలా కాదు. టేకు చేప (ఇంగ్లీషులో రే అంటారే, ఆ పళ్ళెంలాంటి చేప) రెక్క అంచుని అప్పడమంత పల్చగా లాగినా నిలబడింది. ఇంకో సుఖం థర్మోకోల్. ఫైబర్‌గ్లాస్ పనికి వాడే పాలియెస్టర్ రెజిన్ తగిలితే థర్మోకోల్ కరిగిపోతుంది (నా మొదటి డాల్ఫిన్ అలాగే పోయింది), ఎపాక్సీ తగిలితే దానికి ఏమీ కాదు. అందుకే లోపలి ఆకారం థర్మోకోల్‌తో చెక్కి, పైన పుట్టీ పొర వేస్తాను. బొమ్మ తేలిక, ఖర్చూ తక్కువ.

కలిపిన వెంటనే పుట్టీ చేతికి అంటుకుంటుంది, అప్పుడు వివరాలు చెక్కాలని చూడకండి. కాస్త బిగుసుకున్నాక ఆక్టోపస్ చూషకాలకి (చేతుల మీద పట్టుకోడానికి ఉండే గుండ్రటి గిన్నెల్లాంటివి) పెన్ను మూత, సొరచేప చర్మానికి గరుకు కాగితం ముక్క ఒత్తితే చాలు. మే నెలలో మాత్రం ఆ అదను చూస్తుండగానే దాటిపోతుంది. నిమ్మకాయంత ముద్ద కంటే ఎక్కువ కలపను.

అసలు తలనొప్పి మన వైజాగ్ గాలి. మొదటి వానాకాలంలో చేసిన మూడు బొమ్మలకీ రంగు పొరలు పొరలుగా ఊడొచ్చింది. రంగు మంచిది కాదనుకుని డబ్బాలు మార్చాను. తీరా కారణం వేరు. రెండు ముద్దల్లో గట్టిపరిచే ముద్దలో ఉండే అమీన్లు అనే రసాయనాలు గాలిలోని తేమతో, కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి పైన జిడ్డులాంటి పొర కడతాయి. కంటికి సరిగ్గా కనబడదు, వేలు రాస్తే తెలుస్తుంది. ఇప్పుడు పూర్తిగా గట్టిపడ్డాక సబ్బునీళ్ళతో బ్రష్ పెట్టి తోమి, ఆరబెట్టి, ఆ తర్వాతే గరుకు కాగితం పట్టి ప్రైమర్ వేస్తాను. తోమకుండా ముందే రుద్దితే ఆ జిడ్డు ఇంకా లోపలికి పోతుంది. లోపలి తీగ కూడా ఇనుపది వద్దు, ఉప్పుగాలికి తుప్పు ఉబ్బి బొమ్మ చీలుతుంది. అల్యూమినియం తీగ వాడండి.

గ్లవ్స్ లేకుండా రెండేళ్ళు పిసికాను. వేళ్ళ సందుల్లో దద్దుర్లు వచ్చాక బుద్ధొచ్చింది. ఒకసారి ఆ ఎలర్జీ మొదలైతే కొంచెం తగిలినా మళ్ళీ వస్తుంది. రుద్దేటప్పుడు మాస్కూ తప్పనిసరి.

పుట్టీ ఎంత మంచిదైనా కన్ను తప్పితే లాభం లేదు. ఆలివ్ రిడ్లే తాబేలు చేసి మురిసిపోతూ, తీరంలో తాబేలు గుడ్లకి కాపలా ఉండే పెద్దాయనకి చూపించాను. తిప్పి తిప్పి చూసి, "ఏటి బాబూ, పలకలు లెక్కెట్టుకున్నావా?" అన్నాడు. చిప్ప నడిమి వరసకి చెరో పక్కా అయిదేసి పెట్టాను. అయిదుంటే అది లాగర్‌హెడ్ అనే వేరే జాతి తాబేలు. రిడ్లేకి మామూలుగా ఆరో అంతకన్నా ఎక్కువో ఉంటాయి, ఒక్కోసారి రెండు పక్కలా లెక్క కూడా సమానంగా ఉండదు. నేనేమో స్కేలు పెట్టి కొలిచి మరీ సమానంగా గీశాను! ఆ తాబేలు ఇప్పుడు మా ఇంట్లో లాగర్‌హెడ్ పేరుతోనే ఉంది. ఆ తర్వాత ఏ చేప మొదలుపెట్టినా ముందు తెల్లవారకుండా ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి ఫొటోలు తీసుకుంటున్నాను. ఎండెక్కితే చేప రంగు మారుతుంది, కన్ను లోపలికి పోతుంది.

ఎండలో పెట్టే బొమ్మలకి ఈ పుట్టీ ఒక్కటే పనికిరాదు. బాల్కనీలో పెట్టిన ఆక్టోపస్ రంగు వెయ్యని చోటల్లా ఏడాదిలో పసుపెక్కింది. పైన రంగు, ఎండకి తట్టుకునే వార్నిష్ ఉండాల్సిందే. నిలువెత్తు బొమ్మలకైతే ఫైబర్‌గ్లాస్ చూసుకోండి. అరచేయి నుంచి మూరెడు దాకా అయితే నేను మళ్ళీ ఇదే కొంటాను, అదీ చిన్న ప్యాకెట్లే. పెద్దది తెచ్చి సగం వాడి ఉంచితే, మిగతా సగం పైన పెచ్చు కట్టి చెత్తబుట్టలోకి పోతోంది.