భూటాన్ పర్యటన: రాత్రికి 1,200 రూపాయల రుసుముకు మనకు దక్కేదేమిటి?

భారతదేశం నుంచి భూటాన్ వెళ్ళే పెద్దవాళ్ళు ప్రతి ఒక్కరూ అక్కడ గడిపే ఒక్కో రాత్రికి 1,200 రూపాయలు ఆ దేశ ప్రభుత్వానికి చెల్లించాలి. అధికారికంగా దీని పేరు సుస్థిర అభివృద్ధి రుసుము. ప్రయాణ సంస్థల వాళ్ళు ఎస్‌డీఎఫ్ అంటారు. ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకు ఇందులో సగం, అంతకంటే చిన్నవారికి ఏమీ ఉండదు. గది అద్దె, భోజనం, వాహనం, గైడు, కోటలకూ ఆలయాలకూ ప్రవేశ టిక్కెట్లు, ఇవేవీ ఈ మొత్తంలో చేరవు. భార్యాభర్తలిద్దరూ పదేళ్ళ లోపు పిల్లలిద్దరితో ఐదు రాత్రులు ఉంటే, వాళ్ళ వయసును బట్టి, ఒక్క రుసుముకే 18,000 రూపాయల దాకా అవుతుంది. ఆ డబ్బుతో మన దేశంలోనే మరో కొండ ఊరు చూసి రావచ్చు కదా అని బయలుదేరే ముందు మా ఇంట్లో చర్చ జరిగింది. పారో, థింపూ, పునాఖా లోయల్లో దాదాపు వారం గడిపి వచ్చాక ఈ సమీక్ష రాస్తున్నాను. ఒక హోటలుకో ఒక సంస్థకో పరిమితం కాకుండా, ఆ దేశం పర్యాటకులకు అందిస్తున్న సేవ మొత్తాన్ని ఇక్కడ పరిశీలించాను.

ఈ రుసుము నిన్న మొన్న పుట్టినది కాదు. 1974లో నాలుగో రాజు జిగ్మే సింగ్యే వాంగ్‌చుక్ పట్టాభిషేకం జరిగిన ఏడాది భూటాన్ తొలిసారిగా విదేశీ పర్యాటకులకు తలుపులు తెరిచింది. ఆ సంవత్సరం వచ్చినవారు 287 మంది. పర్యాటకులు తక్కువ మంది వచ్చినా సరే, వచ్చినవారు తగినంత ఖర్చు పెట్టాలన్నది అప్పటినుంచీ వారి విధానం. 1991లో ఈ రంగాన్ని ప్రైవేటు సంస్థలకు అప్పగించినప్పుడు కూడా దాన్ని వదులుకోలేదు. కాలక్రమంలో విదేశీయులు నెలను బట్టి రోజుకు కనీసం 200 లేదా 250 డాలర్ల ప్యాకేజీ కొనాలనీ, అందులో 65 డాలర్లు ప్రభుత్వానికి చేరాలనీ నియమం పెట్టారు. భారత్, బంగ్లాదేశ్, మాల్దీవుల పౌరులకు మాత్రం ఇవేవీ వర్తించేవి కావు. దాంతో ఏడెనిమిది లక్షల జనాభా ఉన్న దేశానికి 2019లో 3 లక్షల 15 వేల మందికి పైగా పర్యాటకులు వచ్చారు. వారిలో నాలుగింట మూడు వంతులు ఈ మూడు దేశాల వాళ్ళే, అందులోనూ అత్యధికులు మనవాళ్ళే. ఆ ఏడాది అక్టోబరులో దోచులా కనుమ దగ్గర ఒక భారతీయ పర్యాటకుడు పవిత్ర స్తూపం మీదికెక్కి నిలబడిన ఫొటో భూటాన్ ప్రజలను ఎంతగానో బాధించింది. మన పౌరుల మీద కూడా రుసుము విధిస్తూ 2020లో చట్టం వచ్చింది గాని, అంతలోనే కరోనా వల్ల సరిహద్దులు మూసేశారు. 2022 సెప్టెంబరు 23న దేశం తిరిగి తెరుచుకున్నప్పుడు మనకు 1,200, మిగతా విదేశీయులకు 200 డాలర్లుగా కొత్త రుసుములు అమలులోకి వచ్చాయి. డాలర్ల రుసుమును మరుసటి ఏడాది సెప్టెంబరులో సగానికి తగ్గించారు. మనది అలాగే ఉంది.

సేవలన్నిటిలోకీ మొదట చెప్పవలసినది గైడు గురించి. మా ప్రయాణంలో ప్రతి రూపాయికీ విలువ దక్కింది ఇక్కడే అని నిస్సంకోచంగా చెప్పగలను. అక్కడి గైడ్లు శిక్షణ పొంది, ప్రభుత్వ అనుమతి తీసుకున్నవారు. మాతో వచ్చిన ఆయన మోకాళ్ళ దాకా ఉండే గో అనే సంప్రదాయ దుస్తుల్లోనే రోజంతా ఉండేవారు. కోటలోకి అడుగుపెట్టే ముందు కబ్నే అనే తెల్లని ఉత్తరీయాన్ని పద్ధతి ప్రకారం భుజం మీదుగా వేసుకునేవారు. ఏ గోడచిత్రంలో ఏ కథ ఉందో, ఎక్కడ టోపీ తీయాలో, ఎక్కడ ఫొటోలు కూడదో ఒక్కసారి చెబితే మళ్ళీ చెప్పనవసరం లేకుండా చెప్పేవారు. దుకాణాలకు తీసుకెళ్ళి కమీషను కోసం నిలబెట్టే అలవాటు ఆయనలో కనబడలేదు. మా అమ్మగారు మెట్ల దగ్గర ఆయాసపడితే, ఆమె నొచ్చుకోకుండా ఏదో ఒక కథ మొదలుపెట్టి ఆగేవారు. ఇంతటి మర్యాద ఒక్కరి స్వభావం వల్లనే వచ్చిందని నేననుకోను. వచ్చేవారి సంఖ్యను అదుపులో పెట్టడం వల్ల గైడుకు మన మీద దృష్టి పెట్టే తీరిక దొరుకుతోంది.

చూడదగినవాటి విషయానికి వస్తే, పునాఖా కోట ఒక్కటే ఈ ప్రయాణానికి సరిపోతుందని నా అభిప్రాయం. 1637లో మొదలై మరుసటి ఏడాదికి పూర్తయిన ఈ కోట ఫో ఛూ, మో ఛూ నదుల సంగమం దగ్గర ఉంది. 1994లో ఎగువన ఒక హిమానీనద సరస్సు తెగి వచ్చిన వరద దీన్ని దెబ్బతీసింది. వాతావరణ మార్పు ఈ దేశానికి ఎంత దగ్గరి ప్రమాదమో ఆ నది ఒడ్డున నిలబడితే అర్థమవుతుంది. దోచులా దగ్గరి 108 స్తూపాలు 2003 డిసెంబరులో తిరుగుబాటుదారులతో జరిగిన పోరులో మరణించిన సైనికుల స్మృతికి కట్టినవి. మేఘాలు లేని ఉదయం అక్కడ హిమాలయ శిఖరాలు వరుసగా కనిపిస్తాయి.

పారోలోని తక్‌సాంగ్ మఠం గురించి పెద్దవాళ్ళతో వెళ్ళేవారికి కొంత వివరంగా చెప్పాలి. 1692లో కట్టిన ఈ మఠం 1998లో అగ్నిప్రమాదంలో చాలావరకు కాలిపోగా, పాత పద్ధతిలోనే మళ్ళీ నిర్మించారు. ఇది 3,120 మీటర్ల ఎత్తున కొండ చరియకు ఆనుకుని ఉంది. అలిపిరి నుంచి తిరుమల మెట్లెక్కిన అలవాటున్నవారికి కూడా ఇక్కడి నడక అంతకంటే కష్టంగా తోస్తుంది, ఎందుకంటే గాలి పలుచగా ఉంటుంది, పైగా చివర లోయలోకి దిగి మళ్ళీ ఎక్కే వందలాది మెట్లు ఉంటాయి. గుర్రాలు సగం దారి దాకా మాత్రమే, అదీ ఎక్కేటప్పుడు మాత్రమే దొరుకుతాయి. పారోకు చేరిన మర్నాడే ఎక్కకుండా, శరీరం ఎత్తుకు అలవాటుపడ్డాక చివరి రోజుకు పెట్టుకోవడం మంచిది. మా అమ్మగారు సగం దారిలోని ఫలహారశాల దగ్గర ఆగిపోయారు. అక్కడినుంచి కూడా మఠం చక్కగా కనిపిస్తుంది, అందులో లోటేమీ లేదు.

వసతి విషయంలో ఇంత సంతృప్తి కలగలేదు. మేము దిగిన ఒక హోటలులో గది వెచ్చగా ఉంచే ఏర్పాటు పేరుకే ఉంది. ఉదయం వేడినీళ్ళు రెండో గదికి వచ్చేసరికి చల్లబడేవి. సిబ్బంది ఎంతో వినయంగా క్షమాపణ చెప్పారు గాని, సమస్య తీరలేదు. మాకు ప్రయాణం ఏర్పాటు చేసిన సంస్థ కూడా ప్రవేశ టిక్కెట్ల ఖర్చును ముందుగా స్పష్టం చేయలేదు. పేరున్న కోటలూ మఠాలూ కొన్నింటికి ఒక్కొక్కరికి వెయ్యి రూపాయలు, ఆపైన కూడా ఉంటుంది కనుక కుటుంబానికి ఇది చిన్న మొత్తం కాదు. బేరం కుదుర్చుకునేటప్పుడే రుసుము ఎంత, టిక్కెట్లు ఎంత, గైడు రోజుకూలి ఎంత, వాహనం ఎంత అని విడివిడిగా రాయించుకోవాలి.

భోజనం తెలుగువారికి సంతోషం కలిగించేది. అక్కడ మిరపకాయను కూరగాయగానే వండుతారు. పచ్చి మిరపకాయలను జున్నుతో ఉడికించే ఎమా దత్సీ వారి ప్రధాన వంటకం. ఎర్రబియ్యపు అన్నంలో అది కలుపుకుని, పక్కన ఎజే అనే మిరపకాయ పచ్చడి పెట్టుకుంటే శాకాహారులకు ఏ ఇబ్బందీ ఉండదు. అయితే చాలా హోటళ్ళు భారతీయుల కోసమంటూ చప్పటి పప్పు, బంగాళాదుంప కూర వరసగా పెడుతున్నాయి. మాకు స్థానిక వంట కావాలని రెండుసార్లు అడిగితేగాని పెట్టలేదు. ఉప్పు, వెన్న వేసి కాచే సూజా అనే తేనీరు అందరికీ నచ్చకపోవచ్చు. చలిలో మాత్రం హాయిగా ఉంటుంది.

చెల్లింపులకు ఇబ్బంది లేదు. అక్కడి న్గుల్ట్రమ్ విలువ మన రూపాయితో సమానం. 2021 జులై నుంచి భీమ్ యూపీఐ చెల్లింపులకు అక్కడ వీలు కల్పించారు. అయినా చిన్న ఊళ్ళకు వెళ్ళేటప్పుడు చేతిలో నగదు ఉంచుకోవాలి. మనకు వీసా అక్కరలేదు; పాస్‌పోర్టు లేదా ఓటరు గుర్తింపు కార్డు చూపి అనుమతి పత్రం తీసుకోవాలి.

ఇక అసలు ప్రశ్న: ఈ రుసుము న్యాయమైనదేనా? సూత్రం న్యాయమైనదేనని నేను నమ్ముతున్నాను. భూభాగంలో కనీసం 60 శాతం ఎల్లప్పుడూ అడవిగా ఉండాలని రాజ్యాంగంలోనే రాసుకున్న దేశం అది. ప్రపంచంలో ఇంతవరకూ ఎవరూ ఎక్కని శిఖరాల్లోకెల్లా ఎత్తయిన 7,570 మీటర్ల గంగ్‌ఖర్ పుయెన్‌సుమ్ తమ దగ్గర ఉన్నా, పర్వతాలు దేవతల నివాసాలన్న నమ్మకంతో పర్వతారోహణనే నిషేధించింది. సమీపంలోని నేపాల్ ఎవరెస్టు అనుమతుల మీద ఎంత సంపాదిస్తుందో తెలిసి కూడా ఆ నిర్ణయానికి కట్టుబడింది. ఫోబ్జీఖా లోయలో శీతకాలానికి వచ్చే నల్లమెడ కొంగలకు తగలకుండా కరెంటు తీగలను భూమిలోపల వేసింది. ఇటువంటి సంయమనానికి అయ్యే ఖర్చులో అతిథి తన వంతు ఇవ్వడం తప్పు కాదు. జనం తాకిడికి నలిగిపోతున్న మన కొండ ఊళ్ళను చూసినవారెవరికైనా ఇది తెలుస్తుంది.

కాని అమలులో కష్టం ఎవరి మీద పడుతున్నదో చూడాలి. 2023లో వచ్చినవారు లక్షా 3 వేలు, 2024లో లక్షా 45 వేలు. ఆ రెండేళ్ళూ 2019 నాటి సంఖ్యలో సగానికి కూడా చేరలేదు. విలాస హోటళ్ళు డాలర్లలో చెల్లించే అతిథులతో నిలదొక్కుకుంటాయి. సాధారణ భారతీయ కుటుంబాలను నమ్ముకుని అప్పులు చేసి కట్టిన చిన్న హోటళ్ళు, సొంత కారు నడుపుకునే డ్రైవర్లు, హస్తకళల దుకాణాల వాళ్ళు ఎక్కువగా దెబ్బతిన్నారు. మేము దిగిన హోటలులో వేడినీళ్ళ పరికరం మార్చలేకపోవడానికి అప్పుల వాయిదాలే కారణమని యజమానురాలు చెప్పినప్పుడు, ముందు మాట్లాడినంత కటువుగా నేను మాట్లాడలేకపోయాను.

యువత విషయం ఇంకా బాధాకరం. 2022లో అక్కడి యువతలో నిరుద్యోగం 28 శాతం దాటింది. జలవిద్యుత్తు అమ్మకం దేశానికి ఆదాయం తెస్తుంది గాని, ఎక్కువ మందికి ఉద్యోగాలు ఇవ్వదు; ఇవ్వగలిగినది పర్యాటకం. ఆ రంగమే రెండున్నరేళ్ళు మూతపడటంతో చదువుకున్నవాళ్ళు పెద్ద సంఖ్యలో ఆస్ట్రేలియాకు తరలిపోయారు. తనతో పనిచేసిన గైడ్లలో చాలామంది పెర్త్‌లో ఉన్నారని మా గైడు చెప్పారు. అనుభవజ్ఞులైన గైడ్లు ఇలా తగ్గిపోతే, నేను పైన మెచ్చుకున్న సేవ ఇంకెన్నాళ్ళు ఆ స్థాయిలో ఉంటుంది?

నాకు అన్నిటికంటే పెద్ద లోపంగా కనిపించినది, రుసుము రాత్రుల లెక్కన అందరికీ ఒకేలా ఉండటం. ప్రతి అదనపు రాత్రీ భారమే కనుక మనవాళ్ళు పారో, థింపూ, పునాఖా చూసి వీలైనంత త్వరగా తిరిగి వచ్చేస్తున్నారు. దేశం నడుమనున్న బుమ్‌థాంగ్ దాటి తూర్పున ఉన్న త్రషిగాంగ్ దాకా వెళ్ళాలంటే కొండదారుల్లో రోజులు పడుతుంది. ఆ రోజులకూ అంతే రుసుము కడుతూ ఎవరు వెళ్తారు? 2022లో పడమటనున్న హా నుంచి త్రషిగాంగ్ వరకు 403 కిలోమీటర్ల ప్రాచీన కాలిబాటను పునరుద్ధరించి తెరిచారు. దాని తూర్పు కొసన ఉన్న పల్లెలకు అతిథులు చేరాలంటే వాళ్ళకు అక్కడ ఉండే వెసులుబాటు కల్పించాలి. ఈ ఆలోచన భూటాన్‌కు కొత్తదేమీ కాదు. 2020 నాటి చట్టం ఇరవై జిల్లాల్లో పదకొండింటికి, ముఖ్యంగా తూర్పు వాటికి, రుసుము మినహాయించింది. 2023 జూన్‌లో డాలర్లలో చెల్లించేవారికి నాలుగు రోజుల రుసుముకు మరో నాలుగు రోజులు, ఏడుకు ఏడు, పన్నెండుకు పద్దెనిమిది రోజులు ఉచితమన్నారు. ఆ వెసులుబాటు మనకు వర్తించలేదు. కొద్ది నెలలకే డాలర్ల రుసుమును సగం చేసినప్పుడు దాన్నీ తీసేశారు. అటువంటి ఏర్పాటును భారతీయులకు, తూర్పు జిల్లాల్లో గడిపే రాత్రులకు వర్తింపజేస్తే అక్కడి పల్లెల ఇళ్ళలో బస ఇచ్చేవారికి నేరుగా మేలు జరుగుతుంది.

దక్షిణాన గెలెఫూలో పెద్ద నగరాన్ని, విమానాశ్రయాన్ని నిర్మించే పథకం 2023 డిసెంబరులో ప్రకటించారు. అస్సాంలోని కోక్రఝార్ నుంచి గెలెఫూకు 69 కిలోమీటర్ల రైలు మార్గం వేయడానికి 2025లో రెండు దేశాలూ నిర్ణయించాయి. ఇప్పటికి విదేశాల నుంచి విమానాలు దిగేది పారోలోనే. లోయలోని ఆ విమానాశ్రయానికి పగటిపూట, కంటికి దారి స్పష్టంగా కనిపించినప్పుడే విమానాలు వస్తాయి. రైలు వచ్చాక పర్యాటకులు పెరిగితే వారిని తూర్పు వైపు పంపే ఏర్పాటు ఇప్పటినుంచే చేసుకోవాలి, లేకపోతే పారో లోయ మీదే భారమంతా పడుతుంది.

మా మార్గం పశ్చిమ బెంగాల్‌లోని బాగ్డోగ్రా వరకు విమానం, అక్కడినుంచి కారులో జైగావ్, సరిహద్దు దాటగానే ఫుంట్‌షోలింగ్. అక్కడినుంచి థింపూకు వెళ్ళే కొండదారి వానాకాలంలో తరచూ కొండచరియలు విరిగి మూతపడుతుంది కనుక జూన్ నుంచి ఆగస్టు దాకా ఈ దారిన వెళ్ళకపోవడం మేలు. అక్టోబరు, నవంబరు నెలల్లో ఆకాశం నిర్మలంగా ఉంటుంది. మార్చి, ఏప్రిల్‌లో కొండలంతా పూలు పూస్తాయి. గైడుకు, సందర్శన స్థలాల నిర్వహణకు ఐదుకు ఐదు, భోజనానికి నాలుగు, వసతికి మూడు, ధరల స్పష్టతకు రెండు మార్కులు ఇస్తాను. వెళ్ళదలచినవారు ఊళ్ళ సంఖ్య తగ్గించుకుని ఒక్కోచోట రెండేసి రాత్రులు ఉండేలా చూసుకోవాలి, వాటిలో ఒక్కటైనా పల్లెలోని ఇంటి బసలో గడపాలి. అలా చేస్తే ఆ రాత్రి మనం పెట్టే ఖర్చులో ఎక్కువ భాగం ఆ ఇంటివారికే చేరుతుంది.